వెర్నా కొన్న మూడు జగ్గుల పాలు

మా వార్డెల్‌లో చలికాలం వచ్చిందంటే వెర్నా కోస్టిక్ బుట్టలో ఏముందో ఊరంతటికీ కావాలి. నేను కోఆప్ దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర పనిచేస్తాను కాబట్టి నన్నడుగుతారు. పాలెన్ని కొంది, గుడ్లెన్ని కొంది, మాంసం ఏ ముక్క పట్టుకెళ్ళింది అని. అడిగి ఊరుకోరు, నేనేమైనా దాస్తున్నానేమోనని నా మొహంలోకి చూస్తారు. మా ఆయనైతే నాకే అనుమానం జబ్బుందంటాడు. అది అనుమానం కాదు, దేవుడు కళ్ళిచ్చాడు, చూస్తున్నాను. ఈ ఊళ్ళో కళ్ళు మూసుకుని బతికేవాళ్ళెవరో చూపించమనండి.

వెర్నా స్కూలు బస్సు నడుపుతుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్సు చివరి సీటు దాకా వినిపిస్తుంది. ఆమె భర్త స్టెఫాన్ వయసులో ఉన్నప్పుడు మా ఊరి మంచు హాకీ టీమ్‌కి గోల్‌కీపర్. అతను పోయాక ఇంట్లో కింది గది ఖాళీగా ఉందని క్లబ్బువాళ్ళు ఒక కీపర్ కుర్రాణ్ణి తెచ్చి పెట్టారు. పరాయి ఊళ్ళ నుంచి ఆడటానికొచ్చే కుర్రాళ్ళు మా దగ్గర అలాగే ఉంటారు, ఇంటికొకడు చొప్పున, ఆ ఇంటి పిల్లాడిలాగే అన్నీ తిని, తిట్లు కూడా తిని. గోల్స్ కొట్టేవాళ్ళ కోసమైతే ఇళ్ళవాళ్ళు పోట్లాడుకుంటారు. కీపర్ని మాత్రం ఎవరూ అడగరు. ఎందుకో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. కీపర్ కాళ్ళకి కట్టుకునే ప్యాడ్లు చిన్నసైజు పరుపుల్లా ఉంటాయి. ఆటంతా చెమట తాగి ఇంటికొచ్చాయంటే ఆ కంపు గోడలకి పడుతుంది. వెర్నాకి ఆ కంపు అలవాటే. కింద ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన స్టెఫాన్ కట్టిన తాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, వాటి మీద ఆరేస్తుంది. ఒకడు వెళ్తే ఇంకొకడు వచ్చాడు, అలా ఆ ఇంట్లో కీపర్ లేని చలికాలమంటూ లేదు. పిల్లల్లేరు. అదే ఆమె సంసారం.

పాల గొడవేమిటంటే, వెర్నాకి పాలు పడవు. టీ కూడా నల్లగానే తాగుతుంది. కాబట్టి ఆమె బుట్టలో ఎన్ని జగ్గులుంటే అన్నీ కీపర్‌వే, జగ్గులు తగ్గాయంటే కీపర్ మూట కడుతున్నట్టే. ఇప్పటి కీపర్ రెమీ వచ్చినప్పటి నుంచి ప్రతి గురువారం మూడు పెద్ద జగ్గులు. అవి తీసే పద్ధతి కూడా ఊరందరికీ తెలుసు. ముందు వరసవి పక్కకి నెట్టి, పాల బీరువాలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అట్టడుగున ఉన్నవాటిని లాగుతుంది. ఎక్కువ రోజులు నిలవుండే కొత్త తేదీలవి వెనక పెడతారు కదా. మా మేనేజర్ ఎన్నిసార్లు విసుక్కున్నా ఆ చెయ్యి ఆగలేదు.

రెమీ గురించి ఏం చెప్పమంటారు! ఉత్తరాన చెరువుల మధ్య ఉన్న చిన్న ఊరి పిల్లాడు, తాటిచెట్టంత ఎత్తు, నోట్లోంచి మాట రాదు. వాడొచ్చాక అట్టడుగున ఏడుస్తున్న మా టీమ్ లేచి నిలబడింది. ఇంతలో జనవరి వచ్చింది. పదో తారీఖు ఆదివారంతో ఆటగాళ్ళ మార్పిడికి గడువు అయిపోతుంది. డబ్బున్న టీములు ఆ లోపలే మాలాంటి చిన్న ఊళ్ళ మీద పడి మంచివాళ్ళని ఎగరేసుకుపోతాయి. మా దగ్గర ఎవరి ముఖంలో చూసినా అనుమానమే.

దుకాణం మూలనున్న కాఫీ బల్ల దగ్గర రిటైరైన మగవాళ్ళంతా చేరి ఇదే పంచాయితీ. వాళ్ళకి పెద్ద లైల్. ధాన్యం గిడ్డంగిలో గింజ గింజనీ అనుమానించి చేసిన ఉద్యోగం, ఆ బుద్ధి పోలేదు. క్లబ్ అధ్యక్షుడు డ్వేన్ ఇంటి ముందు పరాయి రాష్ట్రం నంబరున్న కారు ఆగిందన్నాడు. రెమీ లైబ్రరీ పుస్తకం చదవకుండానే తిరిగిచ్చేశాడన్నాడు. జుట్టు కత్తిరించుకున్నాడన్నాడు. డ్వేన్‌ని అడిగితే నవ్వి, వాతావరణం గురించి మాట్లాడాడట. డ్వేన్ నవ్వాడంటే నాకు కూడా గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ మనిషి కార్లు అమ్మేటప్పుడు కూడా అలాగే నవ్వుతాడు.

ఆ గురువారం వెర్నా వచ్చేసరికి కాఫీ బల్ల దగ్గర ఒక్కసారిగా మాటలాగిపోయాయి. ఆమె వాళ్ళకి తలూపి లోపలికెళ్ళింది. కాసేపటికి బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మూడు జగ్గులు. బల్ల దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదలడం నాకు ఇక్కడికి వినిపించింది.

నేను జగ్గు తిప్పి బిల్లు యంత్రం ముందు పెట్టాను. తేదీ కనబడింది. శనివారం. రెండోది తిప్పాను, అదీ శనివారమే. మూడోదీ అంతే. ముందు వరసలోంచి తీసిన పాలు. ఎప్పుడూ లేనిది. నేను తలెత్తి చూశాను. వెర్నా చూయింగ్ గమ్ పొట్లాల వైపు చూస్తోంది, ఎన్నడూ వాటిని కొన్న పాపాన పోలేదు.

నా విరామానికి ఇంకా టైముంది. అయినా కోటు వేసుకుని ఆమె వెనకే బయటికి పోయాను. ముక్కు రంధ్రాలు గడ్డకట్టే చలి. ఆమె ట్రక్కు ఎక్కి కూచుంది, నేను కిటికీ మీద కొట్టాను.

"ఏమే వెర్నా, ఆ పాలు ఎవరు తాగుతారే?"

"కీపరు. ఇంకెవరు?"

"ఎల్లుండికి విరిగిపోయే పాలు మూడు జగ్గులు తాగుతాడా? నీ చెయ్యి ఇవాళ వెనక్కి ఎందుకు పోలేదు?"

ఆమె తన చెయ్యి వైపు చూసుకుంది, ఆ చెయ్యే తనని పట్టిచ్చినట్టు. తర్వాత మెల్లగా అంది. "పారబోసే పాలకి కొత్తవి తియ్యడానికి చేతులు రాలేదు ఫ్రీడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా నిలబడి, వారంలో ఒక్క శనివారం ఆట కోసం బతికేదాన్ని నేను. ఆ శనివారానికి రెమీ కావాలి. అడగాల్సినవన్నీ గట్టిగానే అడిగాను. ఆమె దాచలేదు. డ్వేన్ సోమవారమే బేరం ముగించాడట. రెమీ సముద్రం ఒడ్డునున్న పెద్ద టీమ్‌కి పోతాడు, బదులుగా అక్కడి రెండో కీపర్ మనకొస్తాడు. కబురు ఆదివారం బయటపెడతారు. రెమీ వెర్నాని అడిగింది ఒక్కటే. శనివారం ఆటకి వాళ్ళ నానమ్మ వస్తోంది. వాణ్ణి పెంచిన మనిషి. ఇక్కడ వాడి ఆట ఒక్కసారీ చూడలేదు, రోజంతా బస్సులో కూచుని వస్తుంది. ఆ ఒక్క ఆటా అయ్యేదాకా ఊరికి తెలియకూడదు.

ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. వాడికన్నా ముందున్న కీపర్ వెళ్ళిపోతున్నాడని ముందే ఉప్పందితే, మావాళ్ళు ఆ చివరి ఆటంతా అతన్ని అరిచి గోల చేసి ఏడిపించారు. ఎవడో గడ్డకట్టిన చేపని వాళ్ళు ఆడే మంచు రింకులోకి విసిరాడు. ఆ కుర్రాడు చేపని కర్రతో పక్కకి నెట్టి ఆడాడు పాపం. వెర్నా అప్పుడు అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ సంగతి రెమీకి ఆమే చెప్పి ఉంటుంది.

"తర్వాత నీ గతేంటో ఆలోచించావా?" అన్నాను. "నీకు ముందే తెలుసని ఊరికి తెలిస్తే నిన్ను వదలరు. ఇంకో కీపర్ని నీ గుమ్మం తొక్కనివ్వరు."

"తెలుసు. తాళ్ళు ఖాళీగా ఉంటాయి. అంతేగా."

అంతేగా అంది గానీ, నేను లోపలికొచ్చి కౌంటర్ దగ్గర నిలబడి చూసేసరికీ ట్రక్కు ఇంకా అక్కడే ఉంది, కదల్లేదు.

లైల్ కాఫీ కప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏవమ్మా ఫ్రీడా, ఏం కొందేంటి?"

"మూడు జగ్గులు."

"మూడే?"

"కళ్ళతో చూశారుగా. మళ్ళీ నన్నడుగుతారేం?"

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను బిల్లు కాగితం చుట్ట మార్చుకుంటూ నిలబడ్డాను. చివరికి వెనక్కి తిరిగి, "ఉంటున్నాడ్రోయ్" అని బల్ల దగ్గరికి పోయాడు.

శనివారం రింకు కిక్కిరిసిపోయింది. నానమ్మ వెర్నా పక్కన కూచుంది. చిన్న మనిషి, పూసలు కుట్టిన తోలు చేతితొడుగులు ఒళ్ళో పెట్టుకుంది. నేను వాళ్ళ వెనక వరసలో ఉన్నాను. రెమీ మొదటి బంతిని ఆపగానే, బంతి అంటున్నా గానీ మా ఆటలో అది నల్ల రబ్బరు బిళ్ళ, జనం లేచి వాడి పేరు పట్టుకుని అరిచారు. నానమ్మ వెనక్కి తిరిగి, ఏమని అరుస్తున్నారని నన్నడిగింది. మీ మనవడి పేరేనమ్మా అన్నాను. ఆమె తలూపి, కాస్త నిటారుగా కూచుంది. వెర్నా ఆట చూడలేదు. ఆటంతా జనాన్నే చూసింది, ఎవడి చేతిలో ఏముందో, ఎవడు ఎవడి చెవిలో ఏం చెబుతున్నాడో అని. నేనేమో లైల్ మీంచి కన్ను తియ్యలేదు. గెలిచామని జనం లేచి చప్పట్లు కొడితే తెలిసింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం కబురు బయటపడింది. సోమవారం మా దుకాణంలో అడుగుపెట్టిన ప్రతివాడూ పళ్ళు నూరుతూనే వచ్చాడు. ముందు డ్వేన్ మీద పడ్డారు. డ్వేన్ అదే నవ్వు నవ్వి, బేరం క్లబ్బుకి తప్పలేదనీ, నిజానికి వారమంతా దాన్ని గుట్టుగా దాచింది వెర్నా అనీ అన్నాడు. అంతే, ఊరి కోపమంతా అటు తిరిగింది. పాలతో నాటకమాడి ఊరిని వెర్రివాళ్ళని చేసిందన్నారు. పెద్ద టీమ్ దగ్గర ఏదో పుచ్చుకునే ఉంటుందన్నారు. పిల్లలు బస్సెక్కేటప్పుడు కొందరు తల్లులు ఆమెకి గుడ్‌మార్నింగ్ చెప్పడం మానేశారు. డ్వేన్ ఇకపై కీపర్ తన ఇంట్లోనే ఉంటాడనీ, దాపరికాలుండవనీ ప్రకటించాడు. తర్వాతి ఆటలో వెర్నాకి అటూ ఇటూ సీట్లు ఖాళీ. నేను వెళ్ళి పక్కన కూచున్నాను. నన్నెవరూ అనుమానించలేదు, ఈ ఊళ్ళో అనుమానించడం నా పని కాబట్టి.

ఆ గురువారం వెర్నా బుట్టలో ఒక రొట్టె, అర డజను గుడ్లు, టీ పొడి పొట్లం ఉన్నాయి. పాల బీరువా ముందు నుంచే వెళ్ళింది గానీ అటు తిరగలేదు. ఆ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది, చెప్పకపోవడమెందుకు.

కొత్త కీపర్ పేరు టేట్. వచ్చిన రెండు ఆటల్లోనూ జల్లెడలా గోల్స్ వదిలాడు. బంగారం ఇచ్చి రేకు తెచ్చుకున్నామని కాఫీ బల్ల తేల్చేసింది. నాకు అదీ అనుమానమే. కీపర్ వచ్చిన రోజే డ్వేన్ భార్య గది వాసన పోగొట్టే స్ప్రే డబ్బాలు నాలుగు కొంది. వాళ్ళది కొత్త ఇల్లు, తెల్ల తివాచీలు. తర్వాతి వారం ఒక్క డబ్బా కూడా కొనలేదు. మరి ఆ కంపు ఏమైనట్టు? పోదు కదా, ఎక్కడికో నెట్టి ఉండాలి. ప్యాడ్లని కార్ల షెడ్డులోకి నెట్టింది, ఇంకెక్కడికి. తడి ప్యాడ్లు ఆ చలిలో రాత్రంతా ఉంటే చెక్కల్లా బిగుసుకుపోతాయి. చెక్కలు కట్టుకున్నవాడు మోకాళ్ళు ఎలా వంచుతాడు? ఇది లైల్‌కి తట్టలేదు. నేనూ చెప్పలేదు.

టేట్ రెండో ఆట అయ్యాక గురువారం వెర్నా మళ్ళీ వచ్చింది. కాఫీ బల్ల దగ్గర ఎవరూ తలెత్తలేదు. నేను కస్టమర్‌కి చిల్లర ఇస్తూ అటు చూశాను. పాల బీరువా తలుపు తెరిచింది. ముందు వరస పక్కకి నెట్టింది. చెయ్యి లోపలికి పోయింది, మోచెయ్యి దాకా, తర్వాత భుజం దాకా.

మూడు జగ్గులు నా ముందు పెట్టింది. తిప్పి చూశాను. రెండు వారాల తర్వాతి తేదీ, మూడింటి మీదా. ఆమే కాస్త వంగి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"టేట్ సంచి మోసుకుని తనే నడిచొచ్చాడే. ప్యాడ్లు ఇంకా కరగలేదు, ఫర్నేస్ పక్కంతా నీళ్ళు." అని చెప్పి, చిన్నగా ముక్కు ఎగబీల్చుకుంది. "తన పరువు పోతుందట, ఎవరికీ చెప్పొద్దని డ్వేన్ అన్నాడు."

ఆమె వెళ్ళాక లైల్ తాపీగా లేచి వచ్చాడు. "ఏం కొంది?"

"మూడు జగ్గులు."

ఆయన కళ్ళు చిన్నవి చేసి నన్ను చూసి, పకపకా నవ్వాడు. "ఇంకోసారి మోసపోతాననుకుంటోందా? ఆ ఇంట్లో తాగేవాడెవడున్నాడని?"

కిందటిసారి నేను ఇదే మాట చెబితే నమ్మాడు.