పిన్ని నింపిన రెండో గడి

మా పిన్ని ముప్పయ్యేళ్ల పాటు రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల పక్కన కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టింది. ఒక మడత బల్ల, మోకాలు తగిలితే ఊగే స్టూలు, రెండు పెన్నులు, చేతి చెమట కాగితానికి అంటకుండా పాత దుప్పటి ముక్క. ఆమె రాసిన ఫారమైతే మళ్లీ చదవక్కర్లేదని ఆఫీసు గుమాస్తాలకు ధీమా. ఒక్క కొట్టివేత పడినా కాగితం చింపేసి మొదటి నుంచి రాసేది. కూరలో ఉప్పు మరిచిపోయావంటే నవ్వి ఊరుకునేది గానీ, రాతలో తప్పుందని ఎవరైనా అంటే ఆ మనిషితో నెల్లాళ్లు మాటలుండేవి కావు. మా అమ్మ ఆమెకు స్వయానా అక్క. ఆమెకూ ఆ శిక్ష రెండుసార్లు పడింది.

మా ఊళ్లో రెండు జాతులు, రెండు మతాలు. బయటివాళ్లు జాతీ మతమూ ఒకటే అనుకుని ఇక్కడే తికమకపడతారు. తరతరాలుగా నది ఒడ్డున ఉన్నవాళ్లం ఏటివాళ్లం. ఎగువ నుంచి దిగివచ్చినవాళ్లు మెట్టవాళ్లు. వాళ్ల భాష వేరు. మా భాష ఎంత బాగా మాట్లాడినా నోరు తెరవగానే యాస పట్టిచ్చేస్తుంది. అది పుట్టుకతో వచ్చింది, వద్దనుకుంటే పోయేది కాదు. మతం దారి వేరు. ఒకే ప్రార్థన గదిలో ఏటివాడూ మెట్టవాడూ భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. ఒకే జాతిలో పుట్టిన అన్నదమ్ముల పిల్లలు వేరు వేరు ప్రార్థన గదులకు పోతారు. మా పిన్ని ఏటి పిల్ల, బాబాయి మెట్ట మనిషి. మతం ఒకటే కాబట్టి పెళ్లికి ఎవరూ అడ్డు చెప్పలేదు. తాతయ్య మాత్రం అల్లుడి యాస అర్థం కానట్టు నటించి ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునేవాడు.

మొదటి గొడవ మతాల మధ్య వచ్చింది. ఆ వారం రోజులూ మా మతం వాళ్లమంతా, ఏటివాళ్లూ మెట్టవాళ్లూ అన్న తేడా లేకుండా, ప్రార్థన గదిలో తలదాచుకున్నాం. పిన్ని చంటిపిల్లల తల్లులకు తన దుప్పట్లన్నీ పంచేసింది. కలిసి మొక్కేవాళ్లంతా ఒకటే జనమనీ, జాతి అనేది ముసలాళ్ల చాదస్తమనీ ఆమెకు అప్పుడే గట్టిగా మనసులో పడిపోయింది. ఆ నమ్మకాన్ని నేను ఇప్పటికీ తప్పు పట్టను.

గొడవ చల్లారాక ప్రభుత్వం అందరికీ గుర్తింపు కార్డులు ఇస్తామంది. ఫారంలో మొదటి గడి మతం, రెండో గడి జాతి. బాబాయి నీటి పంపుల స్టేషనులో మెకానిక్కు. ఇకమీదట అక్కడ ఏటివాళ్లనే ఉంచుతారని ఒక పుకారు. ఊరందరికీ ఉన్నది ఉన్నట్టు రాసిన పిన్ని, బాబాయి ఒక్కడి ఫారంలో రెండో గడి దగ్గర 'ఏటి' అని గుండ్రంగా రాసింది. బాబాయి సంతకం పెడుతూ, "నన్నూ మీవాళ్లలో కలిపేశావా? ఇంకేం, అత్తారింట్లో అల్లుడి మర్యాద కూడా పోయినట్టే" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం.

మూడేళ్లకు రెండో గొడవ వచ్చింది. ఈసారి జాతుల మధ్య. మతం ఊసే ఎవరూ ఎత్తలేదు. ప్రార్థన గదిలో మా పక్కన పడుకున్న ఏటి కుర్రాళ్లే మెట్టవాళ్ల తలుపులు బాదారు. వాళ్లు కార్డులు అడగలేదు, ఎదుటి మనిషితో నాలుగు మాటలు మాట్లాడించి చూశారు. మూడో రోజు పొద్దున మెట్టవాళ్లను వంతెన అవతలికి చేర్చడానికి మిలిటరీ లారీ ఒకటి బడి మైదానంలోకి వచ్చింది. అదే ఆఖరిదన్నారు. పిన్ని ఒక సంచిలో రెండు జతల బట్టలు సర్ది బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లింది. నన్నూ అమ్మనూ గేటు దగ్గరే ఆపేశారు. బాబాయి లారీ చెక్క మీద కాలు పెట్టడం, మళ్లీ తీసేయడం మాత్రం కనబడింది.

అక్కడ ఏమైందో పిన్ని ఆ సాయంత్రం చెప్పింది. కార్డులో మెట్ట అని ఉంటేనే లారీలో చోటు. అధికారి ఎక్కడి నుంచో వచ్చినవాడు, ఆయన చెవికి రెండు యాసలూ ఒకటే. పక్కనున్న రిజిస్ట్రేషన్ గుమాస్తా కార్డూ పాత ఫారమూ చూసి, "అక్కయ్యగారి రాత సార్, తప్పుండదు" అన్నాడట. పిన్ని నోరు తెరవబోతే బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడట. లారీలో నలభై మంది ఉన్నారు, అందరి ఫారాలూ ఆమె రాసినవే. ఒకటి అబద్ధమంటే అన్నీ అబద్ధమే అంటారని, అందర్నీ దించేస్తారని చెవిలో చెప్పి తనే దిగిపోయాడట.

బాబాయిని మా వెనక గదిలో దాచాం. మర్నాడు మధ్యాహ్నం నలుగురు వచ్చారు. పిన్ని కార్డు తెచ్చి చూపించింది. ఒకడు దాన్ని చదివి, మర్యాదగా ఆమె చేతికే తిరిగిచ్చి, బాబాయిని ఏం పని చేస్తావని అడిగాడు. బాబాయి జవాబు చెప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి పంపుల స్టేషను గోడ పక్కన దొరికాడు.

పిన్ని మళ్లీ పెన్ను పట్టలేదు. నలభై మందిని బతికించిన మనిషని బాబాయి గురించి ప్రార్థన గదిలో ఏటేటా చెప్పేవారు. వంతెన అవతల నుంచి ఉత్తరాలు వచ్చేవి. మేం కూడా ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం. దుఃఖంలో ఆ గొప్ప ఒక్కటే మాకు మిగిలింది మరి.

పోయిన నెల అలాంటి ఉత్తరమే ఇంకొకటి వస్తే పిన్నికి చదివి వినిపిస్తున్నాను. ఆమెకిప్పుడు చూపు ఆనదు. సగంలో ఉండగా నా మణికట్టు పట్టుకుంది.

"ఆయన ఏమీ అనలేదే" అంది.

ఎవరని అడిగాను.

"మీ బాబాయి. నా చెయ్యి పట్టుకోలేదు, చెవిలో చెప్పలేదు. నేను చెబుతానని నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. అబద్ధం రాశానని ఆ గుమాస్తా ముందు ఒప్పుకోవాలంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నలభై మంది ఇంటికొచ్చాక గుర్తొచ్చారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను పట్టుకుని ఊపేయాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. కాసేపటికి పిన్ని నా చెయ్యి వదిలేసి మిగతాది చదవమంది. మా మనవడికి మీ ఆయన పేరే పెట్టుకున్నామని రాసి ఉంది. చదివాను.