పాపన్న ఎర్ర తువ్వాలు

మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున్నే బొగ్గులు రాజేసి, నీళ్ళు చిలకరించిన తెల్ల చొక్కా మీద పెట్టె ఆనించగానే గంజి వాసన ఆవిరితో కలిసి మా వరండా దాకా వస్తుంది. ఆ తెల్ల చొక్కాలు ఎదురింటి సౌమ్యవి. ఆ అమ్మాయి విమానం నడుపుతుంది. మొన్న లిఫ్టు దగ్గర ఆగి, వాళ్ళ కంపెనీలో ఒక చర్చ నడుస్తోందని చెప్పింది. పైలట్లు ఇంకా ఈ టోపీ, టై, భుజాల మీద బంగారు పట్టీలు పెట్టుకు తిరగాలా, లేక మామూలు ప్యాంటూ టీషర్టుతో వచ్చి నడిపినా సరిపోతుందా అని అందరి అభిప్రాయం అడుగుతున్నారట. కుర్రవాళ్ళంతా మామూలు బట్టలకే మొగ్గుతున్నారట. "మీరు జీవితమంతా బస్సుల మధ్య గడిపారు కదా తాతగారూ, మీరేమంటారు?" అంది. ఆలోచించి చెబుతానమ్మా అన్నాను. నిజానికి నాకప్పటికే గంజి వాసనలో పాపన్న కనిపిస్తున్నాడు. అతను విమానాన్ని దగ్గరగా చూసినవాడు కాదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు నాకు తెలిసి అతనొక్కడే.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను చింతామణిలో ఒక ప్రైవేటు బస్సు సర్వీసులో మేనేజరుగా చేరాను. మేనేజరంటే పెద్ద మాట. బస్టాండు పక్క రేకుల షెడ్డులో ఒక బల్ల, ఒక గడియారం, నేను. మా పెద్ద బస్సు బాగేపల్లిలో తెల్లవారుతుండగా బయలుదేరి చేళూరు, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరేది. సాయంత్రానికి అదే దారిన తిరిగి వెళ్ళేది. దాని డ్రైవరు పాపన్న. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మోకాళ్ళ పైకి బిగించి కట్టిన పంచె, చేతులు మడిచిన చొక్కా, తలకు ఎర్ర తువ్వాలు. చెప్పులు విడిచి, స్టీరింగును ఒకసారి తాకి కళ్ళకద్దుకుని గాని సీటెక్కేవాడు కాదు. అలాగని సాధువేమీ కాదు. ఆకూ వక్కా నములుతూ కండక్టరును తిట్టేవాడు. మీసాలను చూసుకోవడానికి బస్సు అద్దాన్ని రోజుకు పదిసార్లు తిప్పేవాడు. ఏ పల్లె ముందు బస్సు పోతున్నా పిల్లలు "ఎర్ర తువ్వాలు వచ్చె" అని అరుస్తుంటే వినబడనట్టు ముఖం పెట్టి, హారను మాత్రం ఇంకోసారి కొట్టేవాడు.

ఆ దారిలో ఒక అలవాటు ఉండేది. రేష్మె పురుగులు, అంటే పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో మగదిక్కు లేని ఆడవాళ్ళు పట్టుగూళ్ళను గంపకెత్తుకుని రోడ్డు దాకా వచ్చి, కానుగచెట్ల చాటున కూర్చునేవాళ్ళు. ఎండకూ, పరాయి మగవాళ్ళ చూపుకూ ఆ చాటు. రెండు కంపెనీల బస్సులు తిరిగేవి. దుమ్ములో రెండూ ఒకటిగానే ఉండేవి, పేర్లు చదవడం వాళ్ళకు రాదు. ఎర్ర తువ్వాలు కనబడితేనే లేచి రోడ్డు మీదికి వచ్చి గంప అందించేవాళ్ళు. పాపన్న దాన్ని తన సీటు వెనక పెట్టుకుని, శిడ్లఘట్ట సంతలో తెలిసిన మనిషి చేత అమ్మించి, సాయంత్రం ఖాళీ గంపనూ సొమ్మునూ ఇచ్చి పోయేవాడు. చీటీ లేదు, సంతకం లేదు. నేను చేరిన కొత్తలో ఇదేమిటని అడిగాను. "ఇదేమీ లేదప్పా, వాళ్ళు నన్ను చూసి ఇస్తారు, నేను తెచ్చిస్తాను" అన్నాడు. అంతకు మించి ఆ సంగతిలో చెప్పవలసిందేమీ అతనికి కనబడలేదు. నాకు మాత్రం బస్సు ఆలస్యమవుతున్నట్టు కనబడింది.

ఆ రోజుల్లోనే సావుకారు, అంటే మా బస్సుల యజమాని, బంధువునెవరినో బొంబాయికి పంపడానికి బెంగుళూరు విమానాశ్రయానికి వెళుతూ నన్నూ వెంట తీసుకుపోయారు. కంచె అవతల ఎండలో విమానం నిలబడి ఉంది. దాన్ని నేను సరిగా చూడనే లేదు. తెల్ల దుస్తులు వేసుకుని, బంగారు పట్టీ ఉన్న టోపీ పెట్టుకుని ఒకాయన ఆ మైదానంలో నడిచిపోతుంటే పెద్ద పెద్ద దొరలు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేకపోయాను. మన డ్రైవర్లకు కూడా అలాంటి దుస్తులు కుట్టిస్తే మన సర్వీసు పేరు కోలారు జిల్లా అంతా మోగుతుందని చెప్పాను. సావుకారుకు ఆ మాట నచ్చింది. నలుగురి ముందు నా తెలివిని మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి చూస్తే, నన్ను చెడగొట్టింది ఆ మెప్పేననిపిస్తుంది.

చింతామణిలో దర్జీకి నేను నోటితో చెప్పి, గోడ మీద సుద్దతో బొమ్మ గీసి ప్యాంటూ చొక్కా, వాటి మీదికి టోపీ కుట్టించాను. అది పైలటు టోపీ కావలసింది. "పెండ్లి మేళంలో బాకా ఊదేవాళ్ళ మాదిరి ఉండాదన్నా" అన్నాడు కండక్టరు పాపన్నతో. పాపన్న ఒప్పుకోడని నేను భయపడ్డాను. కాని అతనికి టోపీ నచ్చింది. బస్సు అద్దం తిప్పుకుని, టోపీని ఒకవైపు వంచి, మీసం దువ్వుకుని, "ఏం మేనేజరప్పా, ఇంగ రెక్కలు కుట్టిస్తే ఎగిరిపోతా" అన్నాడు. ఎర్ర తువ్వాలును మడిచి సీటు కింద ఆకుల సంచిలో పెట్టాడు. దానితోపాటు కొత్త రూలు కూడా పెట్టాను. చెయ్యి చూపినవాళ్ళకే బస్సు ఆపాలి. చెట్ల చాటున ఎవరున్నారో వెతుక్కుంటూ నిలబడకూడదు. నిలబడితే కండక్టరు నాకు వచ్చి చెప్పాలి.

ఆ వారం బస్సు చిక్కబళ్ళాపురానికి ముందుగా చేరడం మొదలైంది. గంపలు రావడం లేదని కండక్టరు చెప్పాడు. రూలు పనిచేస్తోందని సంతోషించాను. ఒకరోజు నేనే చూద్దామని బాగేపల్లి నుంచి ముందు సీట్లో కూర్చుని వచ్చాను. చేళూరు దాటాక ఒక మలుపు దగ్గర పాపన్న వేగం తగ్గించి హారను కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇంకోసారి కొట్టాడు. ఆ పల్లెలో గంగులమ్మ అనే ఆమె ఉందనీ, మొగుడు పోయినప్పటినుంచి ఒక్కతే పురుగులు పెంచుతోందనీ, ఈ వారమే గూళ్ళు దింపుతానని తనతో చెప్పిందనీ అన్నాడు.

"ఆడనే ఉంటాది. దిగి ఒక్క కేక వేసొస్తా."

"చెయ్యి చూపిందా?"

"లేదు."

"అయితే పోనీ" అన్నాను.

పాపన్న టోపీ సర్దుకున్నాడు. బస్సు కదిలింది. కానుగచెట్ల వైపు నేను చూడలేదు. గడియారం వైపు చూశాను.

తర్వాతి రోజుల్లోనూ అక్కడ ఎవరూ చెయ్యి చూపలేదు. ఎడ్లబండి మీద పంపించుకుందేమో అనుకున్నాడట పాపన్న. సెలవు రోజున మనసు నిలవక ఆ పల్లెకు వెళ్ళాడు. మరునాడు నా షెడ్డులోకి వచ్చి, నిలబడే జరిగినదంతా చెప్పాడు. ఆ పల్లెల్లోకి టోపీ పెట్టుకుని వచ్చేది జప్తుకు వచ్చే కోర్టు అమీను, లేకుంటే పోలీసు, లేకుంటే పిల్లలకు సూదులు వేసేవాళ్ళు. టోపీ కనబడితే ఆడవాళ్ళు దాక్కుంటారు గాని రోడ్డు మీదికి రారు. గంగులమ్మ రోజూ గంప తెచ్చుకుని చెట్ల చాటున కూర్చుంది. రోజూ టోపీని చూసి గంప ఎత్తుకుని ఇంటికి పోయింది. అలా పోగా పోగా గూళ్ళలో సీతాకోకచిలకలు పుట్టి, పట్టును తొలుచుకుని బయటికి వచ్చేశాయి. తొలిచిన గూడు నుంచి దారం రాదు. ఆమె పంటంతా అదే.

"నన్ను చూస్తానే ఏమనిందో తెలుసునా?" అన్నాడు పాపన్న. "ఏమైపోయినావప్పా, జొరమా, ఎవడో టోపీవాడు నీ బండి తోలుకోని పోతాండాడు, వాన్ని చూస్తే బయమైతాది అనింది. ఆ టోపీవాన్ని నేనేనమ్మా అన్నా. నగింది. ఇంటినిండా చిలకలు ఎగురుతాండాయి, ఆ యమ్మ నగుతా ఉండాది. అది నేను చూడలేకపోతి."

నేను ఏదో అనబోయాను. అతను వినలేదు. "నీ తప్పు ఒక్కటే కాదులే మేనేజరప్పా. నాకూ ఆ టోపీ బాగుండింది గదా."

ఆ మాటతో అతను నా తప్పులో సగం తన మీద వేసుకున్నాడు. మిగిలిన సగమైనా నేను మోసి ఉండాలి. మరునాడు పాపన్న కొత్త ప్యాంటూ చొక్కా వేసుకుని, తలకు మాత్రం ఎర్ర తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. సావుకారు బస్టాండులోనే ఉన్నారు. ఇంత ఖర్చు పెట్టి కుట్టించాక ఈ వేషమేమిటని నిలదీశారు. పాపన్న గొంతు పెంచలేదు.

"బట్టల్తో నాకేం కొట్లాట లేదు సావుకారూ. వాళ్ళు దేన్ని చూసి బండి దగ్గిరికి వస్తాండారో దాన్ని మనం తీసేస్తిమి. దాని బదులు వాళ్ళకేం ఇచ్చినాం? అది చెప్పండి, ఈ టోపీ నేనే పెట్టుకుంటా."

సావుకారు నా వైపు తిరిగి, "ఏమప్పా, నువ్వేమంటావు?" అన్నారు. గంగులమ్మ సంగతి ఆయనకు తెలియదు. దిగి పిలుస్తానంటే ఆపినవాణ్ణి నేనేనని పాపన్న ఆయనకు చెప్పలేదు. ఆ ఒక్క ముక్క నేను చెప్పి ఉంటే సావుకారు మెత్తబడేవారు. మంచి డ్రైవరును పోగొట్టుకునే మనిషి కాదాయన. కాని నలుగురిలో మెచ్చుకున్న తెలివి నలుగురిలోనే తప్పని ఒప్పుకోవాలి. నా నోట వచ్చిన మాట, "రూలు అందరికీ ఒకటే సావుకారూ" అన్నది. పాపన్న నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, దారి తప్పిన పరిచయస్తుణ్ణి చూసినట్టు. సీటు కింది ఆకుల సంచి తీసుకున్నాడు. టోపీని నా బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని బస్టాండు దాటి వెళ్ళిపోయాడు.

గౌరిబిదనూరులో బెల్లం లారీ నడుపుతున్నాడని తర్వాత తెలిసింది. వెళ్ళి కనబడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మా సర్వీసు సర్కారువారి చేతికి పోయి, నేనూ ఆ ఉద్యోగంలో చేరాక, పనిమీద ఒకసారి అటు వెళ్ళాను. ఊరి బయట రోడ్డు పక్కన చింతచెట్టు నీడలో నిలబడి ఉండగా దూరంగా ఒక లారీ వచ్చింది. ముందుగా కనబడింది ఎర్ర తువ్వాలే. ఒక్కసారి చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తాలి? లారీ దగ్గరికి వస్తూ కాస్త నెమ్మదించినట్టనిపించింది. హారను మోగింది. ఇంకోసారి మోగింది. నేను చెట్టు నీడలోనే ఉండిపోయాను. చెయ్యి చూపినవాళ్ళకే ఆపాలని రూలు పెట్టింది నేనే. దుమ్ము అణిగేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. ఆ తర్వాత పాపన్న హిందూపురం వైపు పోయాడన్నారు. మళ్ళీ ఏ కబురూ తెలియలేదు.

డిపోలో నా చేతి కింద ఎంతోమంది డ్రైవర్లు పనిచేశారు. అందరికీ యూనిఫారం వేయించాను, అది సర్కారు నియమం. కొత్త దారి మీద కొత్త మనిషిని పంపేటప్పుడు మాత్రం మొదటి వారం ప్రతి పల్లెలోనూ బస్సు దిగి, టోపీ తీసి, నలుగురికీ ముఖం చూపించి రమ్మనేవాణ్ణి. టైము పోతుంది సార్ అనేవాళ్ళు. పోనీయండి అనేవాణ్ణి. నా పై అధికారులు నన్ను చాదస్తపువాడనుకున్నారు. గంగులమ్మను చూడడానికి కూడా ఒకసారి వెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆమె నన్నెప్పుడూ చూడలేదు కదా. ఎవరో పెద్దమనిషినని చాప వేసి మజ్జిగ ఇచ్చింది. బస్సుల ఆఫీసు నుంచి వచ్చానని చెబితే, పాపన్న ఎట్లుండాడప్పా అని అడిగింది. బాగుండాడమ్మా అని అబద్ధం చెప్పి వచ్చేశాను.

నిన్న సాయంత్రం సౌమ్యకు జవాబు చెప్పాను. నీ విమానం ఎక్కేవాళ్ళలో నిన్ను ముఖం చూసి ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరమ్మా, వాళ్ళు చూసి ధైర్యం తెచ్చుకునేది ఆ తెల్ల చొక్కానూ పట్టీలనూ, అది వాళ్ళ ఎర్ర తువ్వాలు అన్నాను. తీసేయదలచుకుంటే తీసేయండి, దాని బదులు ఏమిస్తారో ముందు ఆలోచించుకోండి అన్నాను. ఎర్ర తువ్వాలేమిటి తాతగారూ అని నవ్వింది. పాపన్న కథంతా చెప్పాను, నేను చెప్పని ఆ ఒక్క ముక్కతో సహా. ఆమె నవ్వు ఆపి చాలాసేపు వింది. ఇంటికి వెళుతూ, "ఆ లారీ నిజంగానే నెమ్మదించిందా?" అని అడిగింది.

నాకు తెలియదు. ఇప్పటికీ చిక్కబళ్ళాపురం వైపు బస్సులో పోతుంటే, మనుషులు లేని స్టాపు ముందు డ్రైవరు ఆపకుండా పోయినప్పుడల్లా, నేను కిటికీలోంచి వెనక్కి తిరిగి చెట్ల చాటున చూస్తాను. ఎవరైనా గంప దించుకుని కూర్చుని ఉన్నారేమోనని.