సంకలో బంగారం

ఆ రోజుల్లో డిగ్రీ పాసైనవాడికి ఉద్యోగం దొరికేదాకా ఏదో ఒక పని చూపించే బాధ్యత మేనమామలది. మా మామకు హన్మకొండలో చెక్కపని కార్ఖానా ఉండేది. నిలువుటద్దాల టేకు చట్రాలకు ఇత్తడి మెరుగు పెట్టడంలో ఆయనది పేరున్న చెయ్యి. వార్నీషు సగం ఆరిన చెక్క మీద ఇత్తడి పొడి చల్లి, వేడి పుట్టేదాకా ఉత్త అరచేతితో రుద్దాలి. గుడ్డ వాడదామని సలహా ఇచ్చాను (బి.ఎ. చదివినవాణ్ణి, సలహాలకు కొదవ లేదు). "గుడ్డతోని రుద్దితే పొడి గుడ్డ తింటది, చేతితోని రుద్దితే కట్టె తింటది" అన్నాడు మామ. నిజానికి సగం నా చెయ్యే తినేది. ఆ పసుపు మెరుపు కిరసనాయిలుకు తప్ప దేనికీ వదలదు. కిరసనాయిలు తగిలిన చెయ్యి మళ్లీ చట్రాన్ని తాకితే మెరుగు చెడుతుంది. అందుకని పని ముగిసేదాకా చేతులు అలాగే ఉండాలన్నది కార్ఖానా శాసనం.

సరిగ్గా ఒక చట్రం సగంలో ఉండగా హసన్‌పర్తిలో పిల్లను చూడడానికి రమ్మని కబురొచ్చింది. అంతకుముందే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే మా అమ్మ నిరాహార దీక్షకు కూర్చునేలా ఉంది. ఆ పిల్లను నేను బస్టాండులో ఒకసారి చూసి ఉన్నాను కనుక, దీక్షలో అమ్మ పక్కన నేనూ కూర్చునేవాణ్ణే.

"చేతులు కట్టుకోని కూసో. ఇనయమున్న పిలగాడనుకుంటరు" అన్నాడు మామ. (ఆయన చేతులూ మెరుస్తున్నాయి, కానీ ఆయన్ను చూడడానికి ఎవరూ పిలవలేదు.)

నమస్కారం పెట్టినంతసేపూ అరచేతులు ఒకదాన్నొకటి దాచుకుంటాయని ఆ ఇంట్లోనే కనిపెట్టాను. వరసగా అందరికీ పెట్టాను, కొందరికి రెండోసారి కూడా. "సాలు తియ్, ఎలచ్చన్ల నిలవడ్డవా?" అని గొణిగాడు మామ. అప్పుడు చేతులు రెండూ సంకల్లో దోపుకొని, తెల్ల టెర్లిన్ చొక్కాలో వినయంగా కూర్చున్నాను. ఇంతలో పిల్ల చాయ్ తెచ్చింది. గ్లాసు అందుకోక తప్పలేదు.

పిల్ల నాయనమ్మ నన్నే చూస్తోంది. గ్లాసు మీద అయిదు వేళ్లూ పసుపుగా అచ్చుపడ్డాయి. కుర్చీ చేతుల మీదా పడ్డాయి. చెయ్యి ఎత్తేసరికి చొక్కా సంకలు సూర్యోదయంలా ఉన్నాయి.

"ఏం బిడ్డా, సంకల బంగారం దాసుకున్నవా?" అంది ముసలమ్మ.

పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. సంబంధం కూడా ఆమె వెంటే పోయిందనుకున్నాను. మామ ఇత్తడి సంగతంతా విప్పి చెప్పాడు. పిల్ల తండ్రి మొహం మాత్రం విప్పారలేదు.

"కడిగితే పోతదా?"

"పెండ్లినాటికి పోతది బావా, ఫికర్ చెయ్యకు."

"పోకున్నా మంచిదేరా" అంది ముసలమ్మ కొడుకుతో. "మీ నాయిన ఏడేడ తిరిగొచ్చెటోడో బతికినన్నొద్దులు నాకు ఎరుకగాలే. ఈ పిలగాడు ఏది ముట్టుకున్నా జాడ దొరుకుతది. పిల్లనియ్యిరి."

ఇచ్చారు. తర్వాత నాకు ఆఫీసు ఉద్యోగం వచ్చింది, చేతులు తేటపడ్డాయి.

మొన్నామధ్య మా అమ్మాయిని చూడడానికి ఒక అబ్బాయి వచ్చాడు. మంచి చదువు, మంచి మాట. వాళ్లు వెళ్లిపోయాక అతను తాగిన గ్లాసును వెలుతురుకు ఎత్తి తిప్పి చూస్తుంటే మా ఆవిడకు దొరికిపోయాను.

"ఏమన్న కనవడ్డదా?" అంది నవ్వాపుకుంటూ.

"ఏం కనవడ్తలేదు" అన్నాను. "గదే ఫికర్."