మొదటికి చుట్టిన టేపు

బ్లాంటైర్‌లోని వాన లెక్కల ఆఫీసులో ఎనిఫా నమలొంబా మాటకు తిరుగులేదు. కంప్యూటర్ గది తాళం ఆమె దగ్గరే ఉండేది. లోపలికి ఎవరొచ్చినా చెప్పులు విప్పాలన్న రూలూ ఆమెదే. పై అధికారి మ్సుకువా గారంతటి మనిషి కూడా గుమ్మంలో బూట్లు విప్పి, చిరిగిన మేజోళ్ళు దాచుకుంటూ వచ్చేవారు. ఆ పాత యూనిక్స్ మిషన్ జోలికి పోయే ధైర్యం ఆఫీసులో ఇంకెవరికీ లేదు, ఉన్నా ఆవిడ పోనిచ్చేదీ కాదు. తన పని ఇంకొకరు సరిచూడటం అంటే ఆమెకు అవమానం కింద లెక్క.

దేశమంతటా ఊళ్ళలో వాన కొలిచేవాళ్ళు రోజూ పొద్దున్న ఎనిమిదింటికి గొట్టంలో నీళ్ళు చూసి కార్డు మీద రాసి, నెలకోసారి పోస్టులో పంపుతారు. విత్తనం ఎప్పుడు వెయ్యాలో, కరువు ఎక్కడ వచ్చిందో చెప్పాలంటే ఆ కార్డులే ఆధారం. అరవై ఏళ్ళ కార్డులను ఎనిఫా, మరో ఇద్దరు టైపిస్టులు నాలుగేళ్ళు నడుములు పడిపోయేలా కూర్చుని మిషన్‌లోకి ఎక్కించారు. ఆ మిషన్ చెడితే మళ్ళీ మొదటికే వస్తాం కదా, అందుకని ప్రతి శుక్రవారం అందులో ఉన్నదంతా టేపు మీదికి కాపీ చేసే ఏర్పాటు కూడా తనే చేసింది.

ఆ ఏర్పాటు 1991లో, లావుపాటి మాన్యువల్ ఒళ్ళో పెట్టుకుని, ఎవర్నీ అడగకుండా చేసింది. మూడు వాటాలుగా కాపీ అవ్వాలి. ముందు వాన లెక్కలు, తర్వాత ఉత్తరాలు, చివర ఉద్యోగుల సెలవులు. టేపు మిషన్‌ను రెండు పేర్లతో పిలవొచ్చని మాన్యువల్‌లో ఉంది. ఒక పేరుతో పిలిస్తే రాయడం అయిన చోటే ఆగుతుంది. రెండో పేరుతో పిలిస్తే రాయడం అవగానే టేపును మొదటికంటా చుట్టేస్తుంది. ఎనిఫా క్షణం కూడా ఆలోచించకుండా రెండోదే రాసింది. చర్చి పాటల క్యాసెట్లు ఇంటింటికీ తిరిగే రోజుల్లో పెరిగిన పిల్ల ఆమె. బ్యాటరీ దండగవుతుందని క్యాసెట్టు కన్నంలో పెన్ను దూర్చి గిరగిరా తిప్పి, మొదటికి చుట్టి మరీ తిరిగివ్వాలి. చుట్టకుండా ఇస్తే వాళ్ళమ్మ వీపు పగలగొట్టేది.

అయిదేళ్ళు ప్రతి శుక్రవారం తెర మీద ‘సరిగ్గా ముగిసింది’ అని మూడుసార్లు వచ్చేది. ఆమె టేపు తీసి, ఎర్ర సిరాతో తేదీ వేసి, నెలకొకటి రేకు డబ్బాలో పెట్టి బస్సులో జోంబా ఆఫీసుకు పంపేది, ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడ ఉంటుందని. ఇంత జాగ్రత్త మనిషి ఆ ఆఫీసులో ఇంకొకరు లేరు.

కార్డుల గది చూసుకునే డైసన్ తాత అంతకుముందు చిక్వావాలో ఇరవై రెండేళ్ళు వాన కొలిచినవాడు. పెళ్ళాం పురుడు పోసుకుంటున్న రోజు కూడా ఎనిమిదింటికి గొట్టం దగ్గరే ఉన్నానని చెప్పేవాడు. ఆవిడ ఆ సంగతి మరిచిపోలేదనీ చెప్పేవాడు.

1996 జూన్‌లో కార్డుల గది ఖాళీ చేసి అక్కడ కొత్త బల్లలు వెయ్యాలన్నారు. కాపీలు భద్రంగా ఉన్నాయా అని మ్సుకువా గారు కాగితం మీద అడిగారు. ఉన్నాయని ఎనిఫా సోమవారం సంతకం పెట్టింది.

"గురువారం లారీ వస్తుందంట తల్లీ. మార్కెట్‌లో పొట్లాలకు కొంటారంట," అన్నాడు డైసన్ ఆమె గుమ్మంలో నిలబడి. "నా చేతిరాతలో ఇంక వేరుశనగలు అమ్ముతారు."

"మీ చేతిరాత చదివి కళ్ళు పోగొట్టుకున్నదాన్ని నేను. ఆ పీడ వదిలిపోనివ్వండి తాతా."

"పోతే పోయిందిలే. నీ టేపులో ఉన్నాను కదా."

"ఉన్నారు. నాకంటే ఎక్కువ కాలం ఉంటారు."

అప్పటికే రెండు వారాలుగా మిషన్‌లో ఈ లెక్కలన్నీ ఉన్న డిస్కు మూలుగుతోంది. కొత్తది జోహన్నెస్‌బర్గ్ నుంచి రావాలి. టేపులున్నాయన్న ధైర్యంతో ఆమె దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

గురువారం పొద్దున్న చిపెరోని అనే చలికాలపు జల్లు ముసురుపట్టి ఊరంతా తడిసి ఉంది. మ్సుకువా గారు బూట్లు విప్పడం కూడా మరిచి లోపలికి వచ్చారు.

"ఎనిఫా గారూ, ఎవరో ఏదో నొక్కారు. సెలవుల పట్టీ మొత్తం పోయింది."

"ఎవరో అంటే మీరే కదా సార్."

"నేనే అనుకోండి. వస్తుందా?"

ఆమె నవ్వి, పోయిన శుక్రవారం టేపు పెట్టింది. సెలవులు మూడో వాటా కాబట్టి టేపు అంత దూరం తిరిగేసరికి అరగంటైనా పడుతుంది, ఈలోపు టీ తాగి రమ్మంది. ఆయన గుమ్మం దాటకముందే సెలవుల పట్టీ తెర మీదికి వచ్చేసింది.

"మీ చేతిలో మహత్తు ఉందండీ," అని ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

ఎనిఫా కదల్లేదు. చివర ఉండాల్సింది మొదట్లో ఎలా ఉంది? టేపు మీద ఇంకా ఏముందో చూపమని అడిగింది. ఏమీ లేదు. అంతకుముందు వారం టేపు పెట్టింది. అందులోనూ సెలవులే. ఏడు టేపులు చూసింది. అప్పుడు తెలిసింది. వాన లెక్కలు రాయగానే టేపు మొదటికి చుట్టుకుంది, వాటి మీదే ఉత్తరాలు పడ్డాయి, మళ్ళీ చుట్టుకుంది, ఉత్తరాల మీద సెలవులు పడ్డాయి. అయిదేళ్ళుగా ఆమె ఎర్ర సిరాతో తేదీ వేసి భద్రం చేసింది ఎవరు ఎప్పుడు జ్వరమని సెలవు పెట్టారో ఆ పట్టీని. జోంబాలో ఉన్నవీ అవే.

కిటికీలోంచి చూస్తే పెరట్లో లారీ ఉంది. డైసన్, ఇద్దరు కూలీలు మూటలు ఎక్కిస్తున్నారు.

పరిగెత్తి ఆపమని చెబితే అయిపోయేది. కానీ ఆపమంటే ఎందుకని అడుగుతారు. డిస్కు మూలుగుతున్నా పనిచేస్తూనే ఉంది కదా అనుకుంది. టేపు మిషన్‌ను పిలిచే పేరు మార్చి ఇప్పుడే ఒక్క మంచి కాపీ తీస్తే చాలు, నలభై నిమిషాల పని, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. మార్చింది. కాపీ మొదలుపెట్టింది. తెర మీద ఒక్కో ఏడూ కిందికి జారుతోంది. 1934 అయింది, 1935 అయింది.

1952 దగ్గర కిటికీ మీద చిన్నగా తట్టిన చప్పుడైంది. డైసన్ తల మీద గోనెసంచి కప్పుకుని తడుస్తూ నిలబడ్డాడు.

"ఆఖరి మూటలు తల్లీ. ఒకసారి వచ్చి చూస్తావా, పంపెయ్యమంటావా?"

నోరు తెరిస్తే నిజమే వచ్చేలా ఉంది. మింగేసింది.

"పని మీదున్నాను తాతా. కానివ్వండి."

1958 దగ్గర లారీ గేటు దాటింది. 1961 దగ్గర డిస్కు కీచుమని, రెండుసార్లు టకటకలాడి, ఆగిపోయింది. ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా మళ్ళీ తిరగలేదు. టేపు మీదికి ఎక్కింది 1960 వరకే.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మ్సుకువా గారి గదికి పరిగెత్తింది. జీపులో లింబే మార్కెట్‌కి వెళ్ళేసరికి మూటలు చెల్లాచెదురై ఎవరెవరి చేతుల్లోకో పోయాయి. అరవై మూటల్లో పదకొండు దొరికాయి. జీపులో తిరిగి వస్తుంటే ఆయన మెల్లగా అడిగారు.

"టేపుల సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"డిస్కు ఆగిపోయాకే సార్," అంది.

ఉద్యోగం పోలేదు. పోయినా బాగుండేది అనుకుంది చాలాసార్లు. కంప్యూటర్ గదిలోకి ఇప్పుడు అందరూ చెప్పులతోనే వస్తున్నారు, ఆమె ఏమీ అనదు. మధ్యాహ్నం నడిచి మార్కెట్‌కి వెళ్ళి, మండాసీలనే పిండి ఉండలు నూనెలో వేయించే ఆడవాళ్ళ దగ్గర నాలుగు కొంటుంది, పొట్లం కాగితం కోసం. మండాసీలు దారిలో ఎవరికో ఇచ్చేసి, నూనె అంటిన కార్డులను నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగుతో అద్ది, మళ్ళీ టైపు చేస్తుంది. ఆ ఆడవాళ్ళు ఆమెకు కాస్త పిచ్చి అనుకుంటారు కానీ కార్డులు దాచి పెడతారు.

అలా ఆగస్టులో ఒకరోజు చిక్వావా కార్డు దొరికింది. 1968 ఫిబ్రవరిది, డైసన్ చేతిరాత. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"పన్నెండో తారీకు. ఇదిగో, పిల్ల పుట్టిన రోజు. వాన గట్టిగా పడింది," అన్నాడు. కార్డు మీంచి కళ్ళు తియ్యకుండానే అడిగాడు. "ఆ రోజు నేను కిటికీ తట్టినప్పటికే టేపుల సంగతి నీకు తెలుసా తల్లీ?"



"తెలుసు తాతా."

"మరి కానివ్వమన్నావే."

"అందరి ముందూ పేరు పోతుందని సిగ్గుపడ్డాను."

డైసన్ తల ఊపాడు. కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. టైపు చెయ్యడానికి ఆమె కార్డు కోసం చెయ్యి చాపింది. ఆయన దాన్ని రెండుగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నాడు.

"ఇది నీ టేపులో వద్దులే అమ్మా. ఇది నా దగ్గరే ఉండనీ."