నారాయణసామి మామ చూసిన పడం

నారాయణసామికి తాగుడు లేదు, పేకాట లేదు, పొడుం కూడా లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. వయసులో ఉన్నప్పుడు విరుదునగర్‌లో ఒక సినిమా చూశాడు. అప్పటినుంచి ఈ లోకంలో ఎవరికి ఏం జరిగినా, అది ఆ సినిమాలో ముందే జరిగిపోయి ఉంటుంది.

కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే కొట్టు ఆయనది. బెల్లం పాకం తిప్పుతూ, "ఆ పడంలో ఒక పయ్యన్ ఉండె" అని మొదలుపెడతాడు. సినిమాను వాళ్ళ ఇళ్ళలో పడం అంటారు, కుర్రాణ్ణి పయ్యన్ అంటారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, రెంటికీ మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది. ఆ పయ్యనుకు పదిహేనేళ్ళు, వొట్టి సిగ్గు, మనుషుల్ని చూస్తే నోరు పెగలదు. ఇంతవరకూ కథ మారదు. ఆ తరవాతే మారుతుంది. పడం పేరు అడిగితే గుర్తులేదంటాడు. చివరికి ఏమైందని అడిగితే, "అది పడంలోనే చూసుకోవాల" అంటాడు. ఊళ్ళో ఇంకెవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు.

"అట్లాంటి పడమే లేదు. టికెట్టు కొని లోపల నిద్దరపొయ్యి కలగనినాడు," అని ఆయన చెల్లెలు పొన్నమ్మాళ్ తీర్మానించేసింది.

మిల్లులో పనిచేసే పాలసామి ఒకసారి బస్టాండు ముందు మోపెడ్ మీంచి పడ్డాడు. పడితే పడ్డాడు, పంచె కూడా ఊడింది. సిగ్గుతో ఇల్లు కదలడం మానేసిన మనిషి దగ్గరికి నారాయణసామి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ పడంలో ఆ పయ్యన్ కూడా పడె. బస్టాండు ముందరే."

"పంచె?"

"పంచె యాడిది? వాడు కట్టుకొనిందే తువ్వాల."

పాలసామి చాలాసేపు ఆలోచించాడు. వాడికంటే తన పని నయమే అనిపించి మర్నాడు మిల్లుకి పోయాడు.

పొన్నమ్మాళ్ కూతురు సంగవి. ఆమె సిగ్గు ముందు ఆ పయ్యన్ సిగ్గు ఏ మూలకి? బస్సులో "ఆపండి" అనలేక, తరవాతి స్టాపులో ఎవరైనా దిగితే వాళ్ళ వెనక దిగి ఎండలో నడిచొచ్చే రకం. కొట్టువాడు కందిపప్పుకు బదులు శనగపప్పు పొట్లం కట్టినా నోరెత్తకుండా తెచ్చుకుని, "నాకివాళ శనగపప్పే తినబుద్ధి అయ్యె" అని తల్లికి చెప్పేది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే నవ్వొస్తుంది. ఆ శనగపప్పు మాత్రం ఈనాటికీ గొంతు దిగదు.

పన్నెండో తరగతిలో టీచరు ఆమెను లేచి పాఠం చదవమంటే, కంగారులో సంగవి నోట్లోంచి ఇంటి మాట జారింది. "నాకు కాదు" అనేసింది. నావల్ల కాదని ఆమె గోడు. తమిళం వాళ్ళకేమో నాక్కు అంటే నాలుక, కాదు అంటే చెవి. టీచరు హడలిపోయి, "నాలుకకేమైంది, చెవికేమైంది?" అని దగ్గరికొచ్చి నోరు తెరిపించి మరీ చూసింది. ఆ ఏడాదంతా ఆమె పేరు నాక్కు-కాదు.

సరిగ్గా ఆ పేరు ముదిరి ఉన్న రోజుల్లో విరుదునగర్ నర్సింగ్ కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సీటొస్తే చదువు, రాకపోతే తల్లి వెంట అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ.

"నేను పోను మామా. అక్కడా అదే మాట జారతాది," అంది సంగవి మిఠాయి కొట్టులో కూర్చుని. ఏడుపొచ్చింది కానీ ఎవరైనా చూస్తారని అదీ ఆపుకుంది.

మామ పాకం మీంచి కళ్ళెత్తలేదు. "ఆ పడంలో అదే గదా వొచ్చె. ఆ పయ్యన్ మన ఇండ్ల పయ్యనే. ఇస్కూల్లో నాకు కాదు అనేసె. అందురూ నవ్విరి."

"తరవాత?"

"వాడూ నవ్వె. నాలుక చూపించె, చెవి పట్టుకొనె. 'రెండూ బాగుండాయి, ఇంక అడగండి' అనె."

సంగవికి అనుమానం వచ్చింది. "మామా, వాడికి పదిహేనేళ్ళు అంటివి. పక్కింటి కొత్త కోడలు మారీశ్వరికి చెప్పినప్పుడు వాడికి అత్తగారు ఉండె. యాడనుంచి వొచ్చె?"

"కలలో వొచ్చె. కలలో అత్త రాగూడదా? మిగతాది పడంలో చూసుకో పో."

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఆ మాట జారింది. ప్రశ్నలడిగే ముగ్గురూ తెల్లబోయి చూశారు. సంగవి సినిమాలో పయ్యన్ చేసినట్టే నాలుక చూపించింది, చెవి పట్టుకుంది. "రెండూ బాగున్నాయి మేడమ్, ఇంక అడగండి" అని తమిళంలో అంది. పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి నవ్వింది. ఆ తరవాత సంగవి ఎంత మాట్లాడిందంటే, చాలమ్మా అని వాళ్ళే బతిమాలుకున్నారు. సీటొచ్చింది.

కాలేజీలో ఆదివారం పూట, ఎవరూ పట్టించుకోని మంచి సినిమాలని వెతికి వేస్తారు. ఒక వారం కట్టిన పోస్టరులో సిగ్గుతో తల వంచుకున్న కుర్రాడి బొమ్మ ఉంది. సంగవి దాన్ని ఫోనులో పంపించగానే, "అదే, అదే పడం" అంటూ మామ మిఠాయి పొట్లంతో బస్సెక్కి వచ్చేశాడు.

సినిమాలో ఎక్కడ చూసినా సముద్రం. మోపెడ్ లేదు, బస్టాండు లేదు, అత్తగారు కలలోనైనా రాలేదు. పయ్యన్ నోట తెలుగు ముక్క లేదు. నాలుక వస్తుందని, చెవి వస్తుందని సంగవి ఇంటర్వల్ దాకా కాచుకుని కూర్చుంది.

"మామా, నా సీను ఏదీ?"

"కత్తిరించినారు. ఈ కాలంలో పడం పూరా యాడ చూపిస్తాండారు?" అన్నాడు. రెండో సగం మొదలవగానే ముందుకు వంగి, "ఇప్పుడు ఏమయ్యేది?" అని ఆమెనే అడిగాడు.

"నువ్వు చూసినావు గదా?"

"నేను ఇంటర్వల్‌లోనే లేచి వొచ్చేస్తి. బస్సు పోతాదని."

సంగవికి కోపం రావాలి. రాలేదు. పాలసామి తువ్వాల, మారీశ్వరి అత్తగారు, తన నాలుకా చెవీ వరసగా గుర్తొచ్చి, హాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటున్న చోట తనొక్కతే పగలబడి నవ్వింది. మామ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో ఆమెకే తెలుసు.

సంగవి కూడా మామతో ఊరికి బయల్దేరింది. తిరుగు బస్సులో కండక్టరు కొత్తవాడు. సాత్తూరు వచ్చిందని గట్టిగా అరవలేక గొణిగాడు. అక్కడ దిగాల్సిన ముసలామెకి వినిపించలేదు. బస్సు కదిలాక ఆమె దాన్ని ఆపించి, అతన్ని కడిగిపారేసి దిగిపోయింది. కండక్టరు మొహం వేలాడేసుకుని వెనక సీట్లో కూలబడ్డాడు.

మామ వెనక్కి తిరిగి తమిళంలో అందుకున్నాడు. "తంబీ, ఒక సినిమాలో ఒక కుర్రాడు ఉన్నాడు. సిగ్గు. వాడికి కండక్టరు ఉద్యోగం వచ్చింది."

"అట్లాంటి సినిమా ఉందా?" అన్నాడు కండక్టరు, నమ్మకుండా.

మామ మొదటిసారి తడబడ్డాడు. పక్కనే నిజం తెలిసిన మనిషి కూర్చుని ఉంది.

"ఉంది," అంది సంగవి, డ్రైవరు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "ఇవాళే చూసి వస్తున్నాం. కండక్టరు సీనే అన్నిటికంటే బాగుంది."

"చివరికి ఏమయ్యాడు?"

సంగవి మామ పొట్లంలోంచి మిఠాయి ముక్క తీసి కండక్టరు చేతిలో పెట్టింది.

"అది సినిమాలోనే చూసుకోవాలి."