నీలం జెండా మూల

కురుగోడు నుంచి బళ్లారి పోయే బస్సులో నా పక్కనున్న అబ్బాయి ఒళ్లో నీలం గుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు. తాము అభిమానించే ఫుట్‌బాల్ జట్టుకు జెండా కుట్టించడానికి బళ్లారిలోని కౌల్ బజార్ పోతున్నాడట. ఆ జట్టును ఏదో విదేశీ కంపెనీ కొనబోతోందని వార్త.

"కొననీప్పా," అన్నాడు వెనక సీట్లోని అతని స్నేహితుడు. "మన టీం ఏటా పాయింట్ల పట్టీలో నడుమనే ఉండాది, పైకీ పోదు, కిందికీ పోదు. వాళ్లు కొంటే మంచి ఆటగాళ్లొస్తారు."

"వస్తారు. రంగు మారిస్తే? మనల్నేమన్నా అడుగుతారా?"

అబ్బాయి జేబులోంచి వెలిసిన నీలం తునక తీశాడు. ఏటా పాత జెండా ముక్కను కొత్తదాని మూలలో కుట్టడం వాళ్ల అలవాటట.

"రంగు మారితే దీన్ని యాడ కుట్టేదవ్వా?"

ఆ తునకను చేతిలోకి తీసుకున్నాను. ముడతలు మోకాలి మీద సాపు చేసి తిరిగిచ్చాను.

ఇప్పుడు మనవలు టీవీలో ఫుట్‌బాల్ పెడితే నా కళ్లు జెండాల మూలలకే పోతాయి.