తోఫూ యోషిజో గారి పెద్దబండి లైసెన్సు

మా వీధి చివర సోయా పాలు విరిచి తోఫూ చేసి అమ్మే కాన్బే యోషిజో గారికి ఎంత పెద్ద మోటారు సైకిలైనా నడిపే అధికారం అరవై ఏళ్ళకు పైగా ఉండేది. ఆయన మాత్రం జన్మలో ఒక్కటీ నడపలేదు. ఇంటికొకరు బళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే ఈ జపాను ఊరు హమామత్సులో లైసెన్సుండటం వింతేమీ కాదు, నడపకపోవడమే వింత. ఈ ఊరి కోడలినై ఇరవై ఆరేళ్ళయిన నాకు ఆ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆ లైసెన్సు ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు. ఇరవై ఒకటో ఏట తోఫూ వ్యాను కోసం కారు లైసెన్సు తీసుకుంటే, అప్పటి రూలు ప్రకారం బండి లైసెన్సు కూడా వచ్చి పడింది, కూరలు కొంటే కరివేపాకు కొసరేసినట్టు. ఆరేళ్ళ తర్వాత నాలుగు సిలిండర్ల ఏడువందల యాభై సీసీ బండి రోడ్డెక్కింది. వెనక నాలుగు పొగ గొట్టాలు. వీధంతా నోరెళ్ళబెట్టి చూసిందట. ఈయన గొట్టాలు లెక్కపెట్టి, నాలుగెందుకో అర్థంకాక, లోపలికెళ్ళి సోయా గింజలు కడుక్కున్నారు.

ఆ తర్వాత సర్కారు కొత్త రూలు పెట్టింది. మామూలు లైసెన్సుతో నాలుగు వందల సీసీ దాకానే. అంతకంటే పెద్దది కావాలంటే లైసెన్సు ఆఫీసులో వేరే పరీక్ష. యోషిజో గారిలా ముందే లైసెన్సున్నవాళ్ళ జోలికి మాత్రం రాలేదు. ఆ రూలుకు సరిపడా ఆ నాలుగు సిలిండర్ల బండికి నాలుగు వందల సీసీ చిన్న తమ్ముడు పుట్టాడు. వాడికి నాలుగు గొట్టాలూ కలిసి ఒకటయ్యాయి. పెద్దవాడు ఇంజను పైభాగమంతా మార్చుకుని మళ్ళీ వచ్చాడు. యోషిజో గారి కూతురు చిజురు పదహారో ఏట చిన్న తమ్ముణ్ణి ఎక్కింది. మనసు మాత్రం పెద్దవాడి మీదే.

ఆ పరీక్ష నేను చూడలేదు గానీ విని విని నాకూ నోటికొచ్చేసింది. మొదట నేల మీద పడుకోబెట్టిన ఏడువందల యాభైని లేపాలి. తర్వాత అడుగు వెడల్పు పలక మీద పది సెకన్లకు తక్కువ కాకుండా, పడకుండా, మెల్లగా దాటాలి. బండి నడపడానికి లైసెన్సడిగితే నడపకుండా ఉండటంలో పరీక్షేమిటని యోషిజో గారి సందేహం. చిజురు తొమ్మిదిసార్లు వెళ్ళింది. తొమ్మిదిసార్లూ తప్పింది.

ఏడోసారి తప్పినప్పుడు ఈయన కూతురికి తెలియకుండా ఆ ఆఫీసుకు వెళ్ళి, నా బండి లైసెన్సు నాకెందుకూ పనికిరాదు, అది తీసి అమ్మాయికి రాయండని కౌంటర్లో వేడుకున్నారు. గుమాస్తా నడుం వంచి దండం పెట్టి, అలా కుదరదన్నాడు. నడపలేనివాడికిచ్చి నడపగలదానికి ఇవ్వకపోవడం ఏ లెక్కో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

తొమ్మిదోసారి తర్వాత ఏడాదికే రూలు మళ్ళీ మారింది. డ్రైవింగ్ స్కూల్లో చేరితే పెద్దబండి లైసెన్సు ఎవరికైనా వస్తుంది. ఇరుగుపొరుగువాళ్ళంతా తెచ్చుకున్నారు. చిజురు వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తే ఆ తొమ్మిదిసార్లు ఏమైనట్టని అడిగిందట. చిజురు చిన్న తమ్ముడి మీదే తిరిగింది. వాడికి నీళ్ళతో చల్లబడే ఇంజనొచ్చింది, వేగం పెరిగితే గొంతు మారడమొచ్చింది, ఈమధ్య తయారీయే ఆగిపోయింది. చిజురుకు యాభై ఎనిమిది నిండాయి.

పోయినేడు యోషిజో గారి వ్యాను స్తంభానికి గీసుకుంది. ఈ ఊళ్ళో ముసలివాళ్ళు లైసెన్సును తమంతట తామే తిరిగిచ్చేయడం అలవాటు. ఇచ్చేయమని చిజురు బతిమాలింది. ఈయన మొండికేశారు. నీది నువ్వు తెచ్చుకున్న రోజే నాది ఇస్తానన్నారు. తండ్రి ఎవర్నైనా గుద్దేస్తాడేమోనన్న భయంతో, ముప్ఫై ఏళ్ళ పంతం మింగి ఆమె స్కూల్లో చేరింది.

అక్కడి ఏడువందల యాభైకి రెండే సిలిండర్లు. నాలుగు కోసం ఏడ్చింది రెంటితో తెచ్చుకుంటోందేమిటని యోషిజో గారు నన్నడిగారు.

ఇద్దరూ ఒకేరోజు లైసెన్సు ఆఫీసుకు బస్సులో వెళ్ళారు. తోడు నేనున్నాను. ఒక కౌంటర్లో ఆమెకు కొత్త కార్డు ఇచ్చారు. పక్క కౌంటర్లో ఆయన కార్డుకు చిల్లు కొట్టి, గుర్తుగా ఉంచుకోమని తిరిగిచ్చారు. ఆయన ఆ చిల్లులోంచి కూతుర్ని చూశారు.

"నాకెందుకిచ్చారో ఇప్పటికీ తెలీదమ్మా. అది నా జేబులో ఉన్నంతకాలం నీ దగ్గర దొంగిలించినట్టే అనిపించేది."

"నాన్నా, నీకుందిగా, మనింట్లో ఒకరికైనా ఉందిగా అన్న ధైర్యంతోనే తొమ్మిదిసార్లు వెళ్ళాను," అంది చిజురు.

మళ్ళీ బస్సెక్కి వీధికొచ్చాం. తోఫూ దుకాణం ముందు మా వీధి మెకానిక్ అరువిచ్చిన పాత ఏడువందల యాభై ఉంది, నాలుగు గొట్టాలది. చిజురు దాన్ని స్టాండు మీంచి దించి, ఎక్కి కూర్చుని, స్టార్ట్ చేసింది. హెల్మెట్ పెట్టుకున్న యోషిజో గారు వెనక సీటు పక్కకొచ్చి నిలబడ్డారు. అరవై ఏళ్ళ లైసెన్సు ఆయన జేబులోనే ఉంది, చిల్లుతో.

"కాళ్ళెక్కడ పెట్టాలమ్మా?" అని అడిగారు.